నాజిమ్ కొన్న చక్రాలు

జయకర్ మాష్టారికి కడుపులో మంటగా ఉంటోందని భార్య కరుణశ్రీ రోజూ మజ్జిగలో జీలకర్ర పొడి కలిపి ఇస్తోంది. పాపం ఆమెకేం తెలుసు, ఆ మంట పేరు అనుదీప్ అని.

అనుదీప్ అంటే తిరువూరు బ్యాంకుకి వేసవికి ముందు బదిలీ అయి వచ్చిన కుర్ర ఆఫీసరు. ఆరడుగుల ఎత్తు, అందుకు తగ్గ ఒళ్లు. వచ్చినవాడు పెట్టె బేడా సర్దుకుని ఊరుకోకుండా వెంట ఒక రోడ్డు సైకిలు కూడా తెచ్చుకున్నాడు. దానికి నల్లటి కార్బన్ చక్రాలు. మామూలు సైకిలు రిమ్ములా సన్నగా కాకుండా, టైరు కింద మూడు వేళ్ల లోతున రిమ్ము. తిరుగుతుంటే తేనెతుట్టె కదిలినట్టు ఒక హోరు. ఆ హోరు ఒక శనివారం పొద్దున ఎ.కొండూరు రోడ్డు మీద జయకర్ వెనకనుంచి వచ్చి, పక్కనుంచి దాటి, ముందుకు పోయింది. పోతూ పోతూ "గుడ్ మార్నింగ్ సార్" అని కూడా అంది. దాటిపోయినందుకు కాదు మాష్టారికి మండింది, చెమట చుక్క లేకుండా దాటిపోయినందుకు.

పోయినవాడు పోయాడులే అనుకుంటే ఈ కథే లేదు. కానీ ఆ సమయంలో పక్కన నాజిమ్ ఉన్నాడు. వాడు ఆ చక్రాల వంక చూసిన చూపు మాష్టారి కంట్లో పడింది. కొత్త బట్టల షాపు ముందు నిలబడ్డ పిల్లాడి చూపు అది.

నాజిమ్ కి బస్టాండు రోడ్డులో కార్లకు, ఆటోలకు సీటు కవర్లు కుట్టే షాపు ఉంది. పొద్దస్తమానం మిషను మీద వంగి వంగి ఒకప్పుడు వాడి నడుం పట్టేసింది. హైస్కూల్లో సోషల్ చెప్పే జయకర్ కి అప్పటికే సైకిలు పిచ్చి. తన పాత సైకిలు ఇచ్చి, ఎక్కించి, గేర్లు ఎప్పుడు మార్చాలో, దాహం వేయకముందే నీళ్లు ఎందుకు తాగాలో నేర్పి, వాణ్ణి రోడ్డు మీదికి తెచ్చాడు. ఆరేళ్లుగా బుధవారం, శనివారం తెల్లారగానే ఇద్దరూ కలిసి తొక్కుతారు. ఆదివారం మాష్టారికి చర్చి, శుక్రవారం నాజిమ్ కి జుమ్మా నమాజు. రెంటికీ అడ్డు రాకుండా కుదుర్చుకున్న రోజులవి. ఎవరైనా "భలే తొక్కుతున్నావయ్యా" అంటే నాజిమ్ "మా సార్ నేర్పారండి" అనేవాడు. ఆ "మా సార్" అన్న మాట మాష్టారికి జీతం మీద డీఏ లాంటిది. వస్తుంటే తెలియదు, ఆగితే తెలుస్తుంది.

ఏటా జూలైలో విజయవాడ సైకిలు క్లబ్బువాళ్లు ఒక రైడ్ పెడతారు. రెండు వందల కిలోమీటర్లు. ఇద్దరిద్దరు జట్టుగా వెళ్లి, టైము లోపల ఇద్దరూ కలిసి తిరిగి రావాలి. ఒకడు వచ్చి ఒకడు రాకపోతే లెక్కలోకి రాదు. నిరుడు జయకర్, నాజిమ్ ఒక జట్టు. సగం దారి దాటాక మాష్టారి పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయాయి. నాజిమ్ రోడ్డు పక్కన గడ్డిలో కూర్చుని ఆ పిక్కలు పిసికాడు. పిసుకుతుండగానే టైము దాటిపోయింది. "వచ్చే ఏడు చూసుకుందాం సార్" అన్నాడు తప్ప ముఖం చిన్నబుచ్చుకోలేదు. పతకం తెస్తానని ఇంట్లో కూతురు నాహిద్ కి మాట ఇచ్చి వచ్చాడన్న సంగతి మాష్టారికి చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆ వచ్చే ఏడు వచ్చింది. జట్ల పేర్లు జూన్ ఆఖరులోపు ఇవ్వాలి. నాజిమ్ ఇంకా ఆ మాటే ఎత్తలేదు. ఈ ఏడు వాడు ఎవరితో వెళ్తాడు? ఇదీ మాష్టారిని లోపల తొలుస్తున్న పురుగు.

తొలవదూ మరి? అనుదీప్ కూడా బుధవారాలు, శనివారాలు వాళ్లతో రావడం మొదలుపెట్టాడు. బక్కపలచటి నాజిమ్, బలిష్ఠంగా ఉండే అనుదీప్ ముందు వెళ్లిపోతారు. ఒళ్లు చేసిన మాష్టారు వెనక ఈదుకుంటూ వస్తాడు. ఆయన ఎ.కొండూరు టీ కొట్టుకి చేరేసరికి వాళ్లిద్దరూ బల్ల మీద కూర్చుని ఏదో చెప్పుకుని నవ్వుకుంటుంటారు. కుళ్లు పట్టిన మనిషికి ఊళ్లో ఎవడు నవ్వినా తన గురించే అనిపిస్తుంది. పైగా ఒక రోజు అనుదీప్ లేచి, "సార్ కి చక్కెర తక్కువ" అని టీ చెప్పాడు. ఆరేళ్లుగా టీలు చెప్పేది తను. చక్కెర సంగతి వీడికెవరు చెప్పారు? నాజిమే చెప్పి ఉండాలి. ఆ టీ మాష్టారికి చేదుగా దిగింది.

ఇంటికొచ్చి చెప్పులు విసిరినట్టు విడిచాడు.

"ఏంటండీ, మళ్లీ మంటా?" అంది కరుణశ్రీ.

"ఆ అనుదీప్ లేడూ, నిన్నగాక మొన్న వచ్చి, నాజిమ్ కి సైకిలు మీద ఎట్టా కూర్చోవాలో చెప్తున్నాడు. నేను నేర్పిన మనిషికి."

కరుణశ్రీ ఆయన ముఖం వంక కాసేపు చూసి, నవ్వు ఆపుకుంది. "పెళ్లైన కొత్తలో నా మీద కూడా మీరింత కాపలా కాయలేదు."

"నీకు వేళాకోళంగా ఉంది."

"వేళాకోళం కాదండి. ఆ నాజిమ్ మీ సొత్తా? పది మందితో తిరిగితే ఏం పోయింది?"

మాష్టారు మజ్జిగ తాగి బడికి పోయాడు.

మే నెల చివర్లో నాజిమ్ కొత్త చక్రాలు కొనుక్కోవాలని నిర్ణయించుకున్నాడు. షాపులోకి కొత్త కుట్టుమిషను తెచ్చుకుందామనుకున్నది మానుకుని మరీ. "సార్, ఒకసారి షాపుకి రండి, ఏవి కొనాలో మీరే చెప్పాలి" అని ఫోను చేశాడు. మాష్టారికి ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులు అదే ఆలోచన. సైకిలు చక్రమంటే అందరికీ ఒకటే రకం కాదు కదా. మనిషి బరువు చూడాలి, తొక్కే తీరు చూడాలి, తిరిగే దారి చూడాలి. నాజిమ్ బక్క మనిషి. ఎక్కుడు దారి వస్తే పిట్టలా ఎగిరిపోతాడు, చదును రోడ్డు మీద మామూలుగా పోతాడు. వాడికి తేలిక రిమ్ము కావాలి, లోతు తక్కువది. అన్నిటికన్నా ముఖ్యం గాలి. తిరువూరు నుంచి విజయవాడ వెళ్లే రోడ్డు ఉత్తరం నుంచి దక్షిణానికి. జూన్, జూలైల్లో గాలి పడమర నుంచి. అంటే పొద్దస్తమానం పక్కనుంచి కొట్టే గాలి. లోతు రిమ్ముని ఆ గాలి పట్టుకుందంటే బక్కవాడి చేతిలో హ్యాండిల్ నిలవదు. ఎనిమిదో తరగతి పిల్లలకి ఏటా నైరుతి గాలుల బొమ్మ గీసి చెప్పే మనిషికి ఇది తెలియకపోవడం ఏముంది? ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగి నాజిమ్ వంక చూడాలో కూడా అనుకుని బయల్దేరాడు.

వెళ్లేసరికి షాపులో స్పాంజి షీట్ల దొంతర మీద అనుదీప్ కూర్చుని ఉన్నాడు.

"రండి సార్, మీ కోసమే చూస్తున్నాం" అన్నాడు నాజిమ్, రెగ్జిన్ కత్తిరిస్తూనే స్టూలు ముందుకు జరిపి.

మాష్టారు కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ఆ సవరించుకునే సందులో అనుదీప్ అందుకున్నాడు. "నావి చూసి అలాంటివే కొంటానంటున్నారు సార్ ఈయన. నేను వద్దంటున్నాను. నా బరువు వేరు, నేను చదును రోడ్డు మీద ఒకే స్పీడుతో పోయే రకం, నాకు యాభై మిల్లీమీటర్ల రిమ్ము ఆగుద్ది. నాజిమ్ గారు సన్నం, ఎక్కుళ్లు బాగా తొక్కుతారు. పైగా మన రోడ్డు అంతా పక్కగాలి. ముప్పై దాటకూడదు. లోతు తక్కువున్నవి, తేలికవి తీసుకోమంటున్నా."

మాష్టారు రెండు రోజులు వండుకున్న వంట అది. విస్తరి వేసి వడ్డించింది మాత్రం అనుదీప్. ఒక్క ముక్క అటూ ఇటూ కాలేదు.

నాజిమ్ కత్తెర పక్కన పెట్టాడు. "సార్, మీరేమంటారు?"

అనాల్సిందల్లా "ఆయన చెప్పింది నిజమే" అన్న చిన్న మాట. కానీ తను ఆరేళ్లు నేర్పిన మనిషి ముందు, తన మాటనే, వెనకనుంచి రెండోవాడిలా ఒప్పుకోవాలి. అది ఆయన వల్ల కాలేదు.

"యాభై తీసుకో" అన్నాడు.

"సార్?" అన్నాడు అనుదీప్.

"అందరూ గాలి గాలి అంటారు. గాలి ఎప్పుడో ఒక రోజు కొడద్ది, స్పీడు రోజూ కావాలి. వీడికి ఈ ఏడు కావాల్సింది టైము. యాభై అయితేనే టైము కలిసొస్తుంది." తనకే నమ్మకం లేని మాటల్ని క్లాసులో బోర్డు ముందు చెప్పే గొంతుతో చెప్పాడు.

"కానీ సార్, పక్కగాలికి ముందు చక్రం..."

"మీరు ఊరికి కొత్త అనుదీప్ గారూ. ఈ రోడ్డు మీద నేను ఎప్పట్నించో తిరుగుతున్నా."

అనుదీప్ పెద్దాయనతో వాదించడం ఇష్టం లేనివాడిలా తల వంచుకుని స్పాంజి గిల్లుతూ కూర్చున్నాడు. నాజిమ్ ఇద్దరి వంకా చూశాడు. తర్వాత మాష్టారి ముఖం వంక కొంచెం ఎక్కువసేపు చూశాడు. చేతిలో ఉన్న రెగ్జిన్ ముక్క మడిచి పక్కన పెట్టి, "మా సార్ చెప్పాక ఇంకేముందండీ. యాభైయే తెప్పిద్దాం" అన్నాడు.

ఆ పూట మాష్టారికి మజ్జిగతో పని పడలేదు. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు కూడా.

తీరా చక్రాలు వచ్చాక ఏమైందంటే, చేసుకున్నవాడికి చేసుకున్నంత. జూన్ మొదట్లో ఇంకా గాలి లేవలేదు. తెల్లారగట్ల నిశ్చలంగా ఉన్న రోడ్డు మీద నాజిమ్ కొత్త చక్రాలు కూడా అనుదీప్ చక్రాల్లాగే హోరుమన్నాయి. రెండు హోరులూ ఒకదానికొకటి జోడై ముందుకు పోయాయి. మాష్టారి సన్నటి చక్రాలు చప్పుడు లేకుండా వెనక పడ్డాయి. వాళ్లిద్దర్నీ విడదీద్దామని అన్న మాటతో, తన చేత్తోనే ఇద్దరికీ ఒకే రకం చక్రాలు తొడిగి జత చేశాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టని ఒక సామెత ఉంది. ఇక్కడ మాష్టారు వాత తనకి పెట్టుకోలేదు, నాజిమ్ కి పెట్టాడు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ, గాలి లేవకపోతే బాగుండునని ప్రార్థనలో అడిగాడు. అడిగాడే గానీ, "ఆ చక్రాలు మార్చెయ్ నాజిమ్" అని నోరు విప్పలేదు. విప్పితే అనుదీప్ గెలుస్తాడు.

గాలి మాష్టారి ప్రార్థన కోసం ఆగదు కదా. జూన్ నెల ఆఖరి శనివారం ముగ్గురూ మైలవరం దాకా వెళ్లి రావాలని బయల్దేరారు. పోయేటప్పుడు పర్వాలేదు. తిరుగు ప్రయాణానికి ఎండెక్కింది, పడమటి గాలి లేచింది. అనుదీప్ కాసేపటికే ముందుకు వెళ్లిపోయాడు. నాజిమ్ మాత్రం మాష్టారి వెనకే ఉండిపోయాడు.

మాష్టారికి ఎంత సంతోషమేసిందో చెప్పలేం. ఇన్నాళ్లకి వాడు అటు పోకుండా తన దగ్గర ఆగాడు. ఇవాళ దారిలోనే అడిగేద్దాం, జట్టు పేర్లు ఇచ్చేద్దామా అని. అడగడానికి వెనక్కి తిరిగాడు. వాడు పళ్లు బిగించి హ్యాండిల్ ని పట్టుకున్నాడు. వేళ్లు తెల్లబడి ఉన్నాయి. గాలి ఎడమ పక్కనుంచి కొట్టినప్పుడల్లా వాడి ముందు చక్రం రోడ్డు మధ్యకి లాగుతోంది. వాడు ఆగింది మాష్టారి మీద ప్రేమతో కాదు. తొక్కలేక ఆగాడు.

"మెల్లగా పోదాం" అన్నాడు మాష్టారు.

"పర్లేదు సార్, మీరు పోండి."

మామిడి తోట పక్కనుంచి పోతున్నంతసేపు చెట్లు గాలిని ఆపాయి. తోట అయిపోయిన చోట కొత్తగా విత్తిన పత్తి చేలు, కనుచూపు మేర అడ్డం లేదు. తోట చాటు దాటిన క్షణం గాలి ఒక్క తోపు తోసింది. నాజిమ్ సైకిలు గీత దాటి రోడ్డు నడిమికి పోయింది. వెనకనుంచి వస్తున్న బస్సు హారను, బ్రేకుల అరుపు ఒకేసారి వినపడ్డాయి. నాజిమ్ శాయశక్తులా ఎడమకి లాగాడు. సైకిలు బస్సుకి అడ్డం తప్పి, రోడ్డు దిగి, కంకరలో జారి పడింది. కండక్టరు తల బయటపెట్టి, "చావాలనుందా ఏంటి" అని తిట్టాడు. బస్సు వెళ్లిపోయింది.

మాష్టారు సైకిలు అక్కడే పడేసి పరిగెత్తాడు. నాజిమ్ లేచి కూర్చున్నాడు. మోచెయ్యి దోక్కుపోయి రక్తం కారుతోంది. మోకాలి దగ్గర చర్మం లేచింది. ఎముకలేవీ విరగలేదు. మాష్టారు వాడి పక్కనే కూలబడ్డాడు. సీసాలో నీళ్లతో వాడి మోచెయ్యి కడిగాడు.

"నాజిమ్, ఆ చక్రాలు..." అన్నాడు.

"తెలుసు సార్."

"ఏం తెలుసు?"

"గాలికి ఇవి నాకు ఆగవని. మీరే చెప్పారు కదా, నేను కొత్తగా తొక్కేటప్పుడు. వినగడప పోతుంటే ఎవరో లోతు రిమ్ములేసుకుని ఎదురొచ్చారు. అవెందుకు మనకి లేవని నేనడిగితే, గాలిలో గొడుగు పట్టుకున్నట్టుంటాయి, నీలాంటి బక్కోళ్లు వాటి జోలికి పోకూడదన్నారు."

మాష్టారికి ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. "మరి తెలిసి ఎందుకు కొన్నావురా?"

నాజిమ్ మోకాలి మీద ఇసుక దులుపుకున్నాడు. "అనుదీప్ గారి మాట పట్టుకుని మీ మాట తోసేస్తే, బుధవారం నుంచి మీరు రారు సార్. మీ సంగతి నాకు తెలీదా."

బస్సు తగిలినా ఆయనకి అంత దెబ్బ తగిలేది కాదు. ఇన్నాళ్లూ వీణ్ణి ఎవడో లాక్కుపోతున్నాడని ఏడ్చాడు. వీడేమో కుట్టుమిషను మానుకుని, తెలిసి తెలిసి, తన ఏడుపుని ఖరీదు పెట్టి కొనుక్కుని, దాని మీద కూర్చుని ఇంతదూరం తొక్కుకొచ్చాడు. సిగ్గుతో మాష్టారి చెవులు కాలిపోయాయి. పతకం కోసం చూసే నాహిద్ ముఖం కళ్ల ముందు మెదిలింది.

అంతలో ఎదురుగా అనుదీప్ వచ్చాడు. వీళ్లు ఎంతకీ రాకపోయేసరికి వెనక్కి తిరిగాడు. సైకిలు దిగి, "ఏమైందండీ?" అన్నాడు ఆదుర్దాగా.

"గుంతండి. చూసుకోలేదు" అన్నాడు నాజిమ్ వెంటనే.

ఆ గుంతలో మాష్టారు హాయిగా దాక్కోవచ్చు. నాజిమ్ ఆయన కోసమే తవ్వాడు. పైగా నిజం చెప్పాల్సింది ఎవరికో కాదు, ప్రపంచంలో తన ఓటమి చూడకూడదని తను కోరుకున్న ఒకే ఒక్క మనిషికి. మాష్టారు లేచి నిలబడి ప్యాంటు దులుపుకున్నాడు.

"గుంత లేదు, ఏం లేదు. గాలికి చక్రం లాగేసింది. ఆ రోజు షాపులో మీరు చెప్పిందే రైటండి. నాకు అప్పుడే తెలుసు. నేను చెబ్దామనుకున్నది మీరు ముందు చెప్పేశారని, తిరగేసి చెప్పాను."

అనుదీప్ కి ఎటు చూడాలో తెలియలేదు. "పోన్లెండి సార్" అన్నాడు మెల్లగా.

ఆ మంచితనం కూడా మాష్టారికి కారం రాసినట్టే ఉంది. కానీ ఈసారి ఏమీ అనలేదు. తన సైకిలు తలకిందులు చేసి ముందు చక్రం విప్పాడు. నాజిమ్ సైకిలుది కూడా విప్పాడు. బ్రేకులు రెంటివీ ఒకటే రకం, ఇబ్బంది లేదు. గాలి పట్టుకుని లాగేది ముందు చక్రాన్నే. తన సన్నటి చక్రం వాడికి బిగించి, వాడి లోతు చక్రం తనకి బిగించుకున్నాడు.

"వద్దు సార్, మీరు పడతారు" అన్నాడు నాజిమ్.

"నా ఒంటికి కొంచెం ఆగుద్దిలే. ఇంటికెళ్లాక వెనకది కూడా మార్చి ఇస్తా. రైడ్ కి నావే వేసుకో." చేతికంటిన మురికి గడ్డికి తుడుచుకుని, అనుదీప్ వైపు తిరిగాడు. "వీడి జట్టు మీరే ఉండండి. పేర్లు ఇవాళే ఇచ్చేయండి. నాతో వస్తే మళ్లీ గడ్డిలో కూర్చుని నా పిక్కలు పిసకాలి."

అని నాజిమ్ వంక చూశాడు. వద్దు సార్, మీతోనే వస్తానంటాడేమోనని చూశాడు. ఒక్క మాట అంటే చాలు, ఒప్పుకోకపోయినా ఆ మాట దాచుకుందామనుకున్నాడు. నాజిమ్ తల వంచుకుని మాష్టారి చక్రాన్ని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. ఆ మాట అనలేదు.

ముగ్గురూ కదిలారు. అనుదీప్ ఎవరూ చెప్పకుండానే ఎడమ పక్కకి వచ్చి, తన పెద్ద ఒంటిని గాలికి అడ్డం పెట్టాడు. ఆ చాటున నాజిమ్ నిలకడగా తొక్కుతున్నాడు. మాష్టారి చేతుల కింద ముందు చక్రం కట్టు తెంపుకునే దూడలా గుంజుతోంది. ఆయన దాన్ని అదిమి పట్టుకుంటూ ఆ రెండు వీపుల వంకా చూశాడు. అసూయ పోయిందా అంటే పోలేదు. ఆ చాటు తను ఇవ్వాల్సిన చాటు. కడుపు భగ్గున మండుతూనే ఉంది.

కొంత దూరం పోయాక నాజిమ్ వెనక్కి తిరిగి చూసి, ఆయన కోసం తొక్కడం తగ్గించాడు. మాష్టారు కుడి చెయ్యెత్తి, పో, పో అన్నట్టు ఊపాడు. మరుక్షణం ఆ చెయ్యి హ్యాండిల్ మీదికి తెచ్చుకున్నాడు. ఆ చక్రంతో ఒంటి చేత్తో తొక్కడం అయ్యే పని కాదు.